పెరటి పిట్టకు ఏం పెట్టాలి?

"ఎంగిలి చేత్తో కాకిని తోలడు" అని పిసినారిని గురించి మనవాళ్ళు ఒక సామెత చెప్పుకుంటారు. చెయ్యి విదిలిస్తే వేళ్ళకు అంటుకున్న నాలుగు మెతుకులు రాలి ఎక్కడ కాకి పాలవుతాయోనని ఆ మహానుభావుడి బెంగ! ఈ సామెతను కాస్త తిరగేసి చూడండి. తినేవాడి చేతి మెతుకులో కాకికి కూడా వాటా ఉందని మన సమాజం ఏనాడో ఒప్పుకున్నదని తెలుస్తుంది. పెత్రమాసనాడు పెద్దలకు పెట్టిన ముద్దను కాకి ముట్టేదాకా ఇంట్లోవాళ్ళు ఎదురుచూస్తారు. దసరానాడు పాలపిట్టను చూడనిదే పండుగ పూర్తి కాదనుకుంటారు. పిట్టకూ మనకూ ఉన్న బంధుత్వం కొత్తగా పుస్తకాల నుంచి నేర్చుకోవలసింది కాదు.

అయితే ఈ మధ్య మన విద్యార్థి మిత్రులలో కొందరికి పక్షుల మీద ఆసక్తి కలిగి, పుస్తకాలు తిరగేస్తున్నారు. సంతోషించదగిన విషయమే. కాని వాళ్ళకు దొరికే పుస్తకాలు చాలావరకు ఇంగ్లండులోనో అమెరికాలోనో అచ్చయినవి. వాటిలో పెరటి పక్షుల మేత అనగానే ముందుగా కనిపించే మాట 'స్యూయెట్'. అంటే పశువుల, గొర్రెల మూత్రపిండాల చుట్టూ, నడుము లోపలి భాగంలో పేరుకునే గట్టి తెల్ల కొవ్వు. దాన్ని కరిగించి, గింజలు కలిపి, ముద్దకట్టి, చెట్టుకొమ్మకు వేలాడదీస్తారు. "మనం కూడా మటన్ కొట్టు నుంచి కొవ్వు తెచ్చి కడితే ఎట్లుంటదన్నా?" అని ఒక జూనియర్ మిత్రుడు నన్నడిగాడు. ఆ ప్రశ్నకు జవాబే ఈ వ్యాసం. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి ప్రాంతాల ఇళ్ళలో, పొలాల్లో నేను చూసిన సంగతులకు జంతుశాస్త్రం చెప్పే నాలుగు ముక్కలు జోడించి రాస్తున్నాను. ఈ మూడూ ఒకప్పుడు వరంగల్ జిల్లా ఊళ్ళే. 2016 అక్టోబరు 11న మూడూ మూడు జిల్లా కేంద్రాలయ్యాయి. పిట్టలకు మాత్రం ఈ సరిహద్దులతో పనిలేదు గదా!

కొవ్వు ఎందుకు పెడతారు?

ముందు వాళ్ళ దేశంలో ఆ పని ఎందుకు అవసరమైందో తెలుసుకోవాలి. డిసెంబరు చివరలో లండన్‌లో రాత్రి దాదాపు 16 గంటలు. నేల గడ్డకట్టి ఉంటుంది; పురుగు పుట్ర కనిపించదు. అక్కడి తోటల్లో తిరిగే 'బ్లూ టిట్' అనే చిన్న పిట్ట బరువు సుమారు 11 గ్రాములు, అంటే మన రూపాయి నాణేలు మూడింటి ఎత్తు. శరీరం ఎంత చిన్నదైతే దాని బరువుతో పోలిస్తే చర్మం వైశాల్యం అంత ఎక్కువ. అంత త్వరగా వేడి పోతుంది. చిన్న గిన్నెలో టీ చల్లారినంత త్వరగా పెద్ద గుండిగలో నీళ్ళు చల్లారవు, ఇదీ అంతే. కనుక ఆ పిట్ట పగలు సంపాదించిన కొవ్వును రాత్రంతా పొయ్యిలో కట్టెల్లా మండించుకుని బతకాలి. ఒక్క గడ్డు రాత్రిలో దాని బరువులో పదో వంతు దాకా తరిగిపోవచ్చు. సాయంత్రానికి కడుపు నిండకపోతే తెల్లవారేసరికి ఆ పిట్ట ఉండదు.

ఒక గ్రాము పిండిపదార్థం నుంచి వచ్చే శక్తి 4 కేలరీలు. ఒక గ్రాము కొవ్వు నుంచి వచ్చేది 9 కేలరీలు. పగలు ఎనిమిది గంటలే ఉన్న దేశంలో, తక్కువ సమయంలో ఎక్కువ ఇంధనం నింపుకోవాలంటే కొవ్వుకు మించింది లేదు. అందుకే స్యూయెట్. 1890-91 శీతాకాలం బ్రిటన్‌లో చాలా కఠినంగా గడిచింది. అప్పుడు పక్షులకు మేత పెట్టమని పత్రికలు జనాన్ని కోరాయి. అక్కడి ఇళ్ళలో ఈ అలవాటు బాగా పాతుకున్నది ఆ కాలం నుంచే.

ఆ పిట్టలకు కొవ్వు మీద ఉన్న మక్కువకు ఒక చక్కని ఉదాహరణ ఉంది. ఇంగ్లండులో పాలవాడు తెల్లవారుజామునే గుమ్మం ముందు పాలసీసాలు పెట్టి పోయేవాడు. 1921లో సౌతాంప్టన్ దగ్గర స్వేత్లింగ్ అనే ఊళ్ళో కొన్ని పిట్టలు సీసా మూతను ముక్కుతో చించి, పైన తేలిన మీగడను తింటుండగా చూశారు. తరువాతి ఇరవై ముప్ఫై ఏళ్ళలో ఆ విద్య దేశమంతా పాకింది. ఫిషర్, హైండ్ అనే శాస్త్రజ్ఞులు దీన్ని పరిశీలించి 1949లో ప్రకటించారు. పక్షులు కొత్త విద్య నేర్చుకోగలవనడానికి నేటికీ పాఠ్యపుస్తకాలు చెప్పే ఉదాహరణ ఇదే.

మన ఎండకు నిలవదు

ఇప్పుడు మన సంగతికి వద్దాం. మనం ఉన్నది భూమధ్యరేఖకు ఉత్తరంగా సుమారు 18 డిగ్రీల దూరంలో. డిసెంబరులో మన రాత్రి 13 గంటలకు మించదు. భూపాలపల్లి అడవి అంచున పుష్యమాసంలో చలి వణికించినా, పొద్దెక్కితే మళ్ళీ ఎండే. పురుగులు ఏడాది పొడుగునా దొరుకుతాయి. అంటే మన పిట్టకు ఆ గడ్డు రాత్రి సమస్యే లేదు. మన పిట్టకు గడ్డుకాలం చలికాలం కాదు, ఎండాకాలం. దానికి కావలసింది ఇంధనం కాదు, నీళ్ళు.

మాట వరసకు చెప్పడం కాకుండా నేను పరీక్ష చేసి కూడా చూశాను. డిసెంబరులో ఒకసారి, ఏప్రిల్‌లో ఒకసారి, నిమ్మకాయంత మేకకొవ్వును దారంతో జామకొమ్మకు కట్టాను. డిసెంబరులో పావుగంట తిరక్కుండా కాకులు వచ్చి ఎత్తుకుపోయాయి. పక్క కొమ్మ మీదే ఉన్న పిచ్చుకలు, పిగిలిపిట్టలు దానివైపు కన్నెత్తి చూడలేదు. ఏప్రిల్‌లో కాకులు రాకముందే చీమలు బారులు తీరాయి; మధ్యాహ్నానికి ముద్ద మెత్తబడి నూనె కారసాగింది. సాయంత్రానికి ముక్కు మూసుకోవలసి వచ్చింది. వాసనకు వీధికుక్క ఒకటి చెట్టుకింద కాపురం పెట్టింది.

ఇందులో చూడవలసిన విషయాలు రెండు. ఒకటి, కారిన కొవ్వు పక్షి ఈకలకు అంటితే ఈకలు అతుక్కుపోతాయి. ఈకలు విడివిడిగా, పొరలు పొరలుగా ఉంటేనే వానకు తడవకుండా, ఎండకు మాడకుండా పక్షిని కాపాడతాయి. రెండు, ఎండకు కొవ్వు త్వరగా ముక్కిపోతుంది; ముక్కిన కొవ్వు ఏ ప్రాణికీ మంచిది కాదు. ఆ దేశాలవాళ్ళు కూడా ఎండాకాలం రాగానే పచ్చి కొవ్వు పెట్టడం మానుకొమ్మంటారు. వాళ్ళ ఎండాకాలం మన పుష్యమాసం మధ్యాహ్నంతో సమానమని గుర్తుంచుకుంటే మిగతాది మీరే ఊహించుకోగలరు.

మన దగ్గర కొవ్వు తినే పక్షులు లేవా అంటే ఉన్నాయి: కాకి, గద్ద, రాబందు. ఊరి బయట చచ్చిన గొడ్డును రోజు తిరక్కుండా శుభ్రం చేసే రాబందులు ఒకప్పుడు దేశమంతటా ఉండేవి. 1990 తరువాత కొద్ది ఏళ్ళలోనే వాటిలో కొన్ని జాతులు నూటికి తొంభై తొమ్మిది పాళ్ళకు పైగా నశించాయి. కారణం 2004లో బయటపడింది: పశువుల నొప్పులకు వాడే డైక్లోఫెనాక్ అనే మందు. ఆ మందు పడిన గొడ్డు చచ్చాక దాని మాంసం తిన్న రాబందుకు మూత్రపిండాలు చెడిపోయి చచ్చిపోయేది. 2006లో పశువులకు ఆ మందు వాడకాన్ని మన ప్రభుత్వం నిషేధించింది. మనం పెట్టే మేతలో మన కంటికి కనిపించనిది ఏముందో అది పక్షి ఒంట్లోకి పోతుందన్నది ఈ కథలోని పాఠం. దీన్ని మళ్ళీ ముందుకు తెస్తాను.

మానుకోట మిరప, రామచిలక

స్యూయెట్ ముద్దల్లో ఆ దేశాలవాళ్ళు ఒక్కోసారి ఎండుమిరప కారం కలుపుతారంటే మొదట నాకు నవ్వొచ్చింది. ఉడతలు వచ్చి ముద్దను కాజేయకుండా ఈ ఉపాయం. మరి పిట్టలకు కారం కాదా? ఈ ప్రశ్నకు జవాబు మహబూబాబాద్ రైతును అడిగితే చెప్తాడు. మానుకోట, కేసముద్రం వైపు మిరప చేలల్లో పండిన కాయను రామచిలక చీల్చి గింజలు తింటుంటే ఎవరు చూడలేదు? "మనకు నోరు మండుతది, దానికి పండులెక్క!" అన్నాడు నాతో ఒక పెద్దమనిషి.

ఆయన అన్నమాట శాస్త్రసమ్మతమే. మిరపలో కారాన్ని కలిగించే పదార్థం పేరు కాప్సైసిన్. మన నాలుక మీద, చర్మం మీద వేడిని పసిగట్టే ఒక గ్రాహకాన్ని అది తాకి "కాలుతున్నది" అని మెదడుకు అబద్ధపు కబురు పంపిస్తుంది. ఈ గ్రాహకాన్ని 1997లో కనుగొన్నది అమెరికాలో డేవిడ్ జూలియస్ బృందం. ఆయనకు 2021లో నోబెల్ బహుమతి పంచుకునే గౌరవం దక్కింది. పక్షులలోనూ ఆ గ్రాహకం ఉన్నది గాని దాని నిర్మాణంలో కొద్ది తేడా వల్ల కాప్సైసిన్ దాన్ని కదిలించలేదని అదే ప్రయోగశాల 2002లో చూపించింది. మిరపచెట్టుకు ఇది లాభమే. ఎలుక, ఉడత గింజను నమిలి పిండి చేస్తాయి. పక్షి మింగి, దూరంగా పోయి రెట్టలో వదిలేస్తుంది, గింజ మొలకెత్తుతుంది. తనకు మేలు చేసే అతిథికి తలుపు తీసి, కీడు చేసేవాడికి కారం కొట్టడం అన్నమాట!

అయితే దీన్ని చూసి పిట్టల గింజల్లో కారం కలపమని నేను చెప్పడం లేదు. గాలికి లేచిన కారం వాటి కళ్ళలో పడకూడదు గదా. చీమలు, ఉడతలు రాకుండా వేరే ఉపాయాలున్నాయి.

గొలుకల కుచ్చు

మరి మన పద్ధతి ఏమిటి? స్యూయెట్ ముద్దకు మన జవాబు వడ్ల కుచ్చు. కోతల కాలంలో నాలుగు పిడికిళ్ళ వరికంకులు (మావైపు గొలుకలంటారు) తెచ్చి, జడలా అల్లి, దర్వాజ ముందో వసారా దూలానికో గుడి మండపంలోనో వేలాడదీయడం మన పల్లెల్లో తరతరాల ఆచారం. ఇంటికి పచ్చగా శోభ, పిచ్చుకలకు విందు. మావైపు ఒక ముసలమ్మను "ఎందుకవ్వా ఇది?" అని అడిగితే, "మనం పండించినం బిడ్డా, ఆటికి చెయ్యిల్లేవు గదా, అందుకే మనమే కట్టాలె" అన్నది. ధర్మశాస్త్రం మొత్తం ఆ ఒక్కమాటలో ఉన్నదనిపించింది.

విచిత్రమేమంటే ఇలాంటి ఆచారమే నార్వే, స్వీడన్ దేశాల్లో కూడా ఉంది. క్రిస్మస్ పండుగకు అక్కడి రైతులు ఓట్ల కంకుల కట్టను కర్రకు కట్టి మంచులో నిలబెడతారు. అదీ పిట్టలకే. ఎక్కడి జనగామ, ఎక్కడి నార్వే! పంట చేతికొచ్చిన మనిషికి మొదట వచ్చే ఆలోచన రెండుచోట్లా ఒకటే అయిందన్నమాట.

కుచ్చు అల్లడంలో కొంత ఒడుపు ఉన్నది. గింజ పండి, గడ్డి ఇంకా పూర్తిగా ఎండకముందే కోయాలి. మరీ ఎండితే అల్లేటప్పుడు గడ్డి విరుగుతుంది, గింజ రాలుతుంది. జానెడున్నర గడ్డి ఉండేలా కోసి, ఆకులు తీసేసి, కంకులన్నీ ఒకవైపుకు వచ్చేలా మూడుపాయల జడలా అల్లాలి. నీడలో రెండు మూడు రోజులు ఆరబెడితే బూజు పట్టదు. కట్టే చోటు ముఖ్యం: పిల్లి ఎగిరినా అందనంత ఎత్తులో, గోడకు కాస్త ఎడంగా ఉండాలి. తిరిగే పంకాకు దగ్గర అసలు వద్దు. పంకా రెక్క తగిలి చచ్చిన పిచ్చుకలను మనలో చాలామంది చూసే ఉంటారు.

కాని ఇప్పుడు కుచ్చుకే కరువొచ్చింది. కారణం హార్వెస్టర్. ఒకప్పుడు కొడవలితో కోసి, కల్లానికి మోసి, బంతి తిప్పి, తూర్పారబట్టేవారు. ఆ నెలరోజులూ కల్లం చుట్టూ పిచ్చుకలదే రాజ్యం. ఇప్పుడు మిషన్ పొలంలోకి దిగిందంటే గంట తిరిగేసరికి వడ్లు ట్రాక్టర్‌లో ఉంటాయి. కంకి అనేది చేతికి రాదు. పైగా జనగామ మెట్టల్లో జొన్న తగ్గి పత్తి పెరిగింది. జొన్నచేలో మంచె వేసి, ఒడిసెల తిప్పి పిట్టలను తోలిన రోజుల్లో పిట్టకూ రైతుకూ తగవు ఉన్నమాట నిజమే. తగవులాడడానికైనా అక్కడ గింజ ఉండేది. పత్తిచేలో పిట్ట ఏం తింటుంది?

అందుచేత ఒక చిన్న సూచన. హార్వెస్టర్ మలుపు తిరగడానికి పొలం మూలల్లో కొద్దిమేర ముందుగా కొడవలితో కోస్తారు. ఆ కోసిన దాంట్లో నాలుగు పిడికిళ్ళు అడిగి తీసుకోండి. కాదనే రైతు నాకింతవరకు కనిపించలేదు. పల్లె నుంచి వచ్చే మిత్రులు సెలవుల తరువాత హాస్టల్‌కు తలా ఒక కుచ్చు తెస్తే చాలు, వరండా అంతా కళకళలాడుతుంది.

భూపాలపల్లిలో కోతుల బెడద

భూపాలపల్లి సంగతి వేరు. ఒకవైపు సింగరేణి బొగ్గు గనులు, క్వార్టర్లు, చెల్పూరు దగ్గర థర్మల్ విద్యుత్ కేంద్రం, మరోవైపు అడవి. ఇక్కడ పిట్టలకు మేత పెట్టాలనుకున్న వాళ్ళకు ఎదురయ్యే మొదటి సమస్య కోతులు. అరటిపండు గోడమీద పెడితే పిగిలిపిట్ట కంటే ముందు కోతిమూక దిగుతుంది. ఆ తరువాత ఇంటి పెంకులకే ఎసరు. ఈ బెడద మూడు జిల్లాల్లోనూ ఉన్నదే. కనుక కోతులు తిరిగే చోట పండ్లు, అన్నం బయట పెట్టవద్దు. గింజలైనా పొద్దున్నే పిడికెడు చల్లి, గంటలో తినేంత మాత్రమే పెట్టాలి.

అలాంటి చోట అన్నిటికన్నా మంచి మేత చెట్టే. జామ, సీతాఫలం, నేరేడు, మేడి, రావి - ఇవి పండ్లతో పాటు పురుగుల్నీ ఇస్తాయి. మందారం, మోదుగ పూస్తే తేనెపిట్టలు వాటంతటవే వస్తాయి. కంసాలిపిట్టకు మర్రిపండ్లు ఉంటే చాలు; దాని టకటక మధ్యాహ్నమంతా వినిపిస్తుంది.

ఇక నీళ్ళు. ఫాల్గుణం నుంచి మిరుగు దాకా పక్షికి మనం చేయగల అతి పెద్ద సాయం ఇదే. కుమ్మరి చేసిన మట్టి మూకుడు మంచిది. స్టీలు గిన్నె ఎండకు కాలుతుంది, ప్లాస్టిక్‌కు పాకుడు పడుతుంది. లోతు రెండు అంగుళాలు మించవద్దు. మధ్యలో ఒక రాయి వేస్తే చిన్నపిట్ట నిలబడి తాగుతుంది, జలకాలాడుతుంది, నీళ్ళలో పడ్డ తేనెటీగ ఎక్కి బతుకుతుంది. నీడపట్టున, చుట్టూ పిల్లి నక్కడానికి పొదలేని చోట పెట్టాలి. రోజూ నీళ్ళు మార్చాలి, మూకుడు తోమాలి. లేకపోతే దోమలు గుడ్లు పెడతాయి.

పెట్టవలసినవి, పెట్టకూడనివి

వడ్లు, నూకలు, కొర్రలు, సజ్జలు, జొన్నలు, తైదలు - వీటిలో ఏదైనా సరే. పిచ్చుకకు, జీనువాయికి సన్నగింజ ఇష్టం. గువ్వకు, రామచిలకకు జొన్న, మక్క పలుకు. గోరింకకు, పిగిలిపిట్టకు మెత్తటి జామపండు, బొప్పాయి ముక్క. ఉప్పు కలపని పల్లీలు దంచి పెడితే కావలసిన కొవ్వు అందులోనే ఉంది. నూటికి నలభై అయిదు పాళ్ళకు పైగా నూనే గదా! స్యూయెట్ కోసం మటన్ కొట్టుకు పోనక్కరలేదు. అయితే బూజు పట్టిన పల్లీ పనికిరాదు, దానిలో విషం పుడుతుంది. పచ్చిబియ్యం తింటే కడుపులో ఉబ్బి పిట్ట చస్తుందని కొందరంటారు. ఇది వట్టి అపోహ. తలంబ్రాల బియ్యం ఏరుకు తిన్న పిచ్చుక మరునాడు కూడా అదే పందిట్లో తిరుగుతుంది.

పెట్టకూడనివి: ఉప్పు వేసినవి, మిర్చిబజ్జీ ముక్కలు, మిక్చర్, బిస్కట్, చాక్లెట్, పాచిపోయిన అన్నం. అన్నిటికంటే ప్రమాదకరమైనది విత్తనశుద్ధి చేసిన గింజ. విత్తడానికి ముందు మందు పట్టించిన వడ్లు, మక్కలు, జొన్నలు మిగిలితే "పిట్టలన్నా తింటాయి" అని పెరట్లో పారబోసేవాళ్ళను చూశాను. అది మేత కాదు, విషం. దాన్ని గుంట తీసి పూడ్చాలి. పురుగుమందు ఎంత దూరం పోతుందో తెలియాలంటే అర్జెంటీనా కథ చూడండి. 1995-96లో అక్కడి పొలాల్లో మిడతలకు మోనోక్రోటోఫాస్ కొట్టారు. ఆ మిడతలను తిన్న డేగలు వేల సంఖ్యలో చచ్చి పడ్డాయి. వాటిలో చాలావరకు ఉత్తర అమెరికా నుంచి వేల మైళ్ళు ఎగిరి వచ్చిన వలసపక్షులు. మోనో డబ్బా ఎరగని పత్తిరైతు మన జిల్లాల్లో ఉన్నాడా?

శుభ్రత మరొక విషయం. పదిమంది తిన్న పళ్ళెం కడగకపోతే రోగం వచ్చినట్టే, పది పిట్టలు వాలిన చోటూ అంతే. బ్రిటన్‌లో 2005 తరువాత గ్రీన్‌ఫించ్ అనే పిట్టలు గొంతువ్యాధితో లక్షల్లో తగ్గిపోయాయి. కలుషితమైన మేత, నీటి పళ్ళేలు ఆ వ్యాధి పాకడానికి తోడయ్యాయని తేలింది. వారానికి ఒకసారైనా మేత పెట్టే చోటు కడిగి ఎండబెట్టండి. జబ్బు పిట్ట కనిపిస్తే కొన్నాళ్ళు మేత ఆపేయండి; మిగతా పిట్టలు చెదిరిపోయి బతుకుతాయి.

మేత ఒక్కటే చాలదు

ఇంతా చేసి, గింజలు చల్లితే పిచ్చుకలు పెరుగుతాయా? పెరగవు. పెద్ద పిచ్చుక గింజ తింటుంది గాని, గుడ్డు నుంచి వచ్చిన పిల్లకు మొదటి రోజుల్లో కావలసింది పురుగే. పచ్చపురుగులు, చిన్న మిడతలు లేకపోతే గింజల కుప్ప పక్కనే పిల్ల ఆకలితో చస్తుంది. 1958లో చైనాలో పిచ్చుకలు ధాన్యం తింటున్నాయని దేశమంతా డప్పులు కొట్టి, వాలనివ్వకుండా తరిమి చంపారు. పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం అంటే అదే! పిచ్చుకలు పోయాక పురుగులు పెరిగి పంటలకు ముప్పు వచ్చింది. 1960లో ఆ జాబితా నుంచి పిచ్చుకను తీసి నల్లిని చేర్చుకోవలసి వచ్చింది.

పిచ్చుకకు ఇల్లు కూడా కావాలి. గూనపెంకుల ఇంటికి వాసాల సందున, చూరు కింద వద్దన్నా గూళ్ళుండేవి. స్లాబు ఇంటికి చిల్లు ఎక్కడిది? ఒక చెక్కపెట్టెకు 32 మిల్లీమీటర్ల వెడల్పు రంధ్రం చేసి, ఏడెనిమిది అడుగుల ఎత్తులో, మధ్యాహ్నపు ఎండ తగలని గోడకు బిగిస్తే చాలు. రంధ్రం కింద పుల్ల పెట్టవద్దు. పిచ్చుకకు అక్కరలేదు, కాకికి మాత్రం అది కూర్చునే పీట అవుతుంది.

పిచ్చుక అంతరించిపోతున్నదని మనం తరచు వింటుంటాం. 2020లో వెలువడిన భారతదేశ పక్షుల స్థితి నివేదిక ప్రకారం దేశం మొత్తం మీద పిచ్చుక సంఖ్య పాతికేళ్ళుగా దాదాపు నిలకడగా ఉంది. పెద్ద నగరాల్లో మాత్రం తగ్గింది. అంటే మన చిన్న పట్టణాలు ఇంకా పిచ్చుకలను నిలబెడుతున్నాయన్నమాట. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి నిన్న జిల్లా కేంద్రాలయ్యాయి, రేపు నగరాలవుతాయి. అప్పుడు నగరాల్లో జరిగినదే ఇక్కడా జరగాలా, వద్దా అన్నది మన చేతిలో ఉంది.

ప్రేమ పేరుతో చేసే అపచారం ఒకటి చెప్పాలి. రామచిలకను పంజరంలో పెట్టి జామపండు తినిపించడం మేత పెట్టడం కాదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అది నేరం. దసరాకు పాలపిట్టను పట్టి, రెక్కలు కట్టి చూపించి డబ్బులడగడం కూడా అంతే. 2014లో మన రాష్ట్రపక్షిగా గౌరవించుకున్న పిట్టను ఎగురుతుండగానే చూడాలి.

మనం చేయగలిగింది

1931-32లో నిజాం ప్రభుత్వ సహాయంతో సలీం అలీ హైదరాబాదు సంస్థానమంతా తిరిగి పక్షుల లెక్క రాశాడు. ఆనాడు ఆయన చేతిలో ఉన్నది దూరదర్శిని, నోటుపుస్తకం, ఓపిక. ఈనాడు అంత కష్టపడనక్కరలేదు. ఏటా ఫిబ్రవరిలో నాలుగు రోజులపాటు ప్రపంచమంతటా పెరటి పక్షుల లెక్కింపు జరుగుతుంది. అమెరికాలో 1998లో మొదలైన ఈ పనిలో 2013 నుంచి మన దేశమూ చేరింది. అందులో భాగంగానే కాలేజీ ఆవరణల లెక్కింపు కూడా సాగుతుంది. ఒకచోట పదిహేను నిమిషాలు నిలబడి, కనిపించిన పిట్టలను రాసి పంపితే చాలు.

మన విద్యార్థి సంఘానికి నా విన్నపం మూడు ముక్కల్లో చెప్తాను. ఎండాకాలం సెలవుల్లోనూ హాస్టల్ వరండాలో, గ్రంథాలయం పక్కన మట్టిమూకుళ్ళలో నీళ్ళు పోసే బాధ్యతను వంతులవారీగా ఎవరో ఒకరు తీసుకోవాలి. కోతల తరువాత ఒక ఆదివారం ఊరి పెద్దలను పిలిచి గొలుకల కుచ్చులు అల్లడం నేర్చుకోవాలి. ఆ విద్య తెలిసినవాళ్ళు ఏటేటా తగ్గిపోతున్నారు. ఫిబ్రవరిలో ఆవరణలోని పిట్టలను లెక్కపెట్టి, ఆ జాబితాను వచ్చే ఏడాది సావనీర్‌లో అచ్చువేయాలి. పదేళ్ళు అలా అచ్చువేస్తే, మన ఆవరణలో ఏ పిట్ట వచ్చింది, ఏది పోయింది అన్నది చెప్పడానికి ఏ ఇంగ్లీషు పుస్తకమూ అవసరముండదు.

మటన్ కొట్టు కొవ్వు సంగతి అడిగిన మిత్రుడికి నా జవాబు ఇది: ఆ కొవ్వు చలిదేశపు పిట్టకు ప్రాణం, మన పిట్టకు బెడద. నువ్వు పెట్టవలసింది పిడికెడు నూకలు, మూకుడు నీళ్ళు, నాలుగు గొలుకల కుచ్చు. వీటి ఖర్చు రోజుకు ఒక చాయ్ ఖరీదు కూడా కాదు.